గుర్తులు మారాయి... ఇంటిపేర్లు మారలేదు

హైదరాబాద్ నుంచి బయల్దేరి సంగారెడ్డి దాటాక ముంబయి రోడ్డును వదిలేస్తే నాందేడ్-అకోలా రహదారి ఎదురవుతుంది. జోగిపేట, పెద్దశంకరంపేట మీదుగా నిజాంపేట చేరి, అక్కడ ఎడమకు తిరిగితే నారాయణఖేడ్. అక్కడి నుంచి ఇంకా ఉత్తరానికి వెళ్తే సిర్గాపూర్. రోడ్డుకు అటూ ఇటూ నల్లరేగళ్లు. వానాకాలమైతే పత్తి, కంది, సోయా, పెసర. చలికాలమైతే జొన్న, శనగ. మధ్యమధ్యలో ఎర్రటి గుట్టలు, వాటి పక్కన తండాలు.

తెలంగాణకు ఇది పడమటి అంచు. కాస్త పోతే కర్ణాటక, ఇంకాస్త పోతే మహారాష్ట్ర. ఊళ్ల పేర్లు చూస్తేనే సంగతి తెలిసిపోతుంది. బొక్కస్‌గాం, గరిడెగాం... ఈ ‘గాం’ మరాఠీ వాసన. ‘ఖేడ్’ అన్నా మరాఠీలో పల్లె అనే. నిజాం కాలంలో నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదర్ కర్ణాటక వైపు వెళ్లింది. నారాయణఖేడ్, జహీరాబాద్ తాలూకాలు మాత్రం మెదక్ జిల్లాలో కలిసి తెలుగువారి వైపు వచ్చాయి. అందుకే సిర్గాపూర్ సంతలో నిలబడితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడా భాష... అన్నీ చెవిన పడతాయి. బేరం మాత్రం ఏ భాషలోనైనా ఒకటే!

పుష్యమాసానికి ముందు వచ్చే అమావాస్యను ఇక్కడ ‘ఎల్లమాస’ అంటారు. ఆరోజు ఇంటిల్లిపాదీ చేనుకు పోతారు. పంటకు పూజ చేసి, జొన్నరొట్టెలు, రకరకాల కూరగాయలూ గింజలూ కలిపి వండిన భజ్జికూర అక్కడే కూర్చుని తింటారు. దారినపోయేవాళ్లనూ పిలిచి పెడతారు. ఆరోజు చేలల్లో ఎవరూ పార్టీల మాట ఎత్తరు. మిగతా రోజుల్లో మాత్రం హోటళ్ల ముందు, ఆటోల దగ్గర, రచ్చకట్టల మీద ఎక్కడ నలుగురు కూడినా ముచ్చట తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. ‘ఎవరొచ్చినా అంతే’ అన్న మాట దగ్గర ఆగుతుంది.

ఆ మాట ఊరికే పుట్టలేదు. దాని వెనక ముప్ఫై అయిదేళ్లకు పైబడిన అనుభవం ఉంది.

తొమ్మిది ఓట్లు.. మూడు ఇళ్లు

1989లో ఓటు హక్కు వయసు 21 నుంచి 18 ఏళ్లకు తగ్గింది. ఆ ఏడాది చివర్లో జరిగిన ఎన్నికల్లో తొలిసారి ఓటేసిన కుర్రాళ్లకు ఇప్పుడు యాభై దాటాయి. నారాయణఖేడ్ నియోజకవర్గంలో వాళ్లు అప్పటి నుంచి 2023 దాకా శాసనసభకు తొమ్మిది సార్లు ఓటేసే అవకాశం అందుకున్నారు. ఆ తొమ్మిది సార్లూ ఎవరు గెలిచారో వరసగా చూడండి.

1989లో కాంగ్రెస్ నుంచి పట్లోళ్ల కిష్టారెడ్డి. 1994లో తెలుగుదేశం నుంచి మహారెడ్డి విజయపాల్‌రెడ్డి. 1999లో మళ్లీ కిష్టారెడ్డి. 2004లో కాంగ్రెస్ నుంచే సురేశ్ షెట్కార్. 2009, 2014లో మళ్లీ కిష్టారెడ్డి. 2015లో ఆయన కన్నుమూయడంతో 2016 ఫిబ్రవరిలో ఉప ఎన్నిక వచ్చింది. అందులో తెరాస నుంచి మహారెడ్డి భూపాల్‌రెడ్డి గెలిచారు. 2018లోనూ ఆయనే. 2023లో కాంగ్రెస్ నుంచి కిష్టారెడ్డి కుమారుడు సంజీవరెడ్డి.

తొమ్మిది ఎన్నికలు. మూడు పార్టీలు. చెయ్యి, సైకిల్, కారు... మూడు గుర్తులు. కానీ గెలిచినవి పట్లోళ్ల, మహారెడ్డి, షెట్కార్ అనే మూడు ఇంటిపేర్లే. అంతకుముందు రోజుల్లోనూ శివరావ్ షెట్కార్, మహారెడ్డి వెంకటరెడ్డి పేర్లే ఈ ప్రాంతంలో మారుమోగాయి. సురేశ్ షెట్కార్ ఆ శివరావ్ కుమారుడే.

ఇందులో తప్పేముంది అనొచ్చు. జనం ఓటేస్తేనే కదా గెలిచింది! నిజమే. తలుపు తడితే పలికే ఇల్లు, కష్టమొస్తే ఫోన్ చేయగల పేరు... పల్లెలో ఓటుకు ఇదీ ఓ లెక్కే. ఈ మూడు కుటుంబాలకూ ఊరూరా మనుషులున్నారు. కానీ ఓటరు మనసు కోణంలో చూస్తే చిక్కు వేరే ఉంది. ఉన్నవాళ్ల మీద విసుగొచ్చి పార్టీని మార్చాలనుకున్న ప్రతిసారీ అతని ముందుకొచ్చింది మరో పార్టీ జెండా కప్పుకున్న పాత ఇల్లే.

తెలుగుదేశం పుట్టింది 1982 మార్చిలో. తొమ్మిది నెలల్లోనే, 1983 జనవరిలో రాష్ట్రాన్ని గెలుచుకుంది. తెరాస 2001లో పుట్టి 2014లో కొత్త రాష్ట్రంలో తొలి ప్రభుత్వం ఏర్పాటుచేసింది. రెండూ మార్పు పేరుతో వచ్చినవే. ఆ రెండు గాలులూ నారాయణఖేడ్ దాకా వీచాయి. కానీ ఇక్కడ సైకిల్‌కు 1994లో, కారుకు 2016లో విజయం తెచ్చింది ఒకే ఇంటిపేరు. కొత్త పార్టీ అయినా సరే, గెలుపు కావాలంటే ఊరూరా మనుషులున్నవాళ్లు, ఖర్చు మోయగలవాళ్లు కావాలి. శాసనసభ అభ్యర్థి ఖర్చుపై ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి 2022లోనే రూ.40 లక్షలకు చేరింది. కాగితం మీది లెక్కే అంతుంటే, సోయా అమ్ముకుని పిల్లల ఫీజులు కట్టుకునే రైతు నామినేషన్ ఆలోచన కూడా చేయలేడు.

మాట నీటి మూట

విసుగుకు మరో కారణం నీళ్లు. ఈ ప్రాంతం పక్క నుంచే మంజీర పారుతుంది. దాని మీద దాదాపు 30 టీఎంసీల సింగూరు జలాశయం ఉంది. సింగూరు నీళ్లు పైపుల్లో హైదరాబాద్ కుళాయిలకు చేరాయి. ఒడ్డున ఉన్న నారాయణఖేడ్ మెట్ట చేలు మాత్రం మేఘం వైపే చూశాయి. సిర్గాపూర్ చుట్టుపక్కల పొలాలకు నల్లవాగు ప్రాజెక్టు పెద్ద దిక్కు. దాని కింద పచ్చగా వరి కనిపిస్తుంది. కాల్వ అందని చోట మళ్లీ వాన దేవుడే.

2022 ఫిబ్రవరి 21న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నారాయణఖేడ్ వచ్చి సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపన చేశారు. రెండింటి అంచనా రూ.4,427 కోట్లు. సింగూరు నుంచి 20 టీఎంసీలు ఎత్తిపోసి 3.84 లక్షల ఎకరాలకు ఇస్తామన్నారు. ఇందులో మనూరు మండలం బోరంచ దగ్గర మొదలయ్యే బసవేశ్వర పథకం వాటా 1.65 లక్షల ఎకరాలు. నారాయణఖేడ్ రైతు ఆశ పెట్టుకున్నది దానిమీదే. మరుసటి ఏడాది నవంబరులో ఎన్నికలు వచ్చేశాయి. నీళ్లు రాలేదు.

బోధన్-బీదర్ రైలు మార్గం కథ ఇంకా పాతది. సర్వే అన్న మాట విని పెరిగిన పిల్లలకే ఇప్పుడు పిల్లలున్నారు. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అన్న సామెత ఈ ఊళ్లలో ఎన్నికల మరుసటి రోజు నుంచి వినిపిస్తుంది.

చెరుకు బండి.. ఓటు బండి

దసరా దాటిందంటే తండాల్లో తాళాలు పడతాయి. ఆలుమగలు, పసిపిల్లలు, వంటసామాను, రెండు మేకలు... అన్నీ లారీకెక్కుతాయి. కర్ణాటక, మహారాష్ట్ర చక్కెర ఫ్యాక్టరీల కింద చెరుకు కోతకు పోతారు. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా అక్కడే గుడిసెలు. ఉగాది దగ్గరపడ్డాకే తిరుగు ప్రయాణం. ఇంకొందరు హైదరాబాద్‌లో కూలికి, ఆటోలు నడపడానికి వెళ్తారు. ఇళ్ల దగ్గర మిగిలేది ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు.

ఎన్నికలు డిసెంబరులోనో ఫిబ్రవరిలోనో పడితే సరిగ్గా కోతల కాలం. అప్పుడు వలసపోయిన వాళ్ల కోసం ఊరి నుంచి వాహనాలు కదులుతాయి. బస్సులు, జీపులు పెట్టి తీసుకొస్తారు. ఓటేయించి మళ్లీ దింపివస్తారు. ఆ ఒక్కరోజు కూలి మనిషికి ఎక్కడలేని గిరాకీ. వలస ఎందుకు పోవాల్సి వస్తోందన్న ప్రశ్న మాత్రం బండి దిగాక ఎవరికీ గుర్తుండదు.

ఇంత విసుగున్నా ఇక్కడి జనం ఓటు మానుకోలేదు. ఇదీ గమనించాల్సిన సంగతి. 2016 ఉప ఎన్నికలో నారాయణఖేడ్ పోలింగ్ 80 శాతం దాటింది. అదే 2023 శాసనసభ ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లా సగం ఓట్లు కూడా వేయలేదు. నగరంలో కోపమొస్తే సెలవు తీసుకుని ఇంట్లో కూర్చుంటారు. పల్లెలో కోపమొస్తే వరుసలో నిలబడి మరీ గుర్తు మారుస్తారు. 2014లో కాంగ్రెస్‌ను గెలిపించిన ఇవే ఊళ్లు రెండేళ్లు తిరక్కుండా తెరాసకు 53 వేల పైచిలుకు ఆధిక్యం ఇచ్చాయి. 2018లో అది 58 వేలు దాటింది. 2023లో ఆ కొండంత ఆధిక్యం కరిగిపోయి సీటు మళ్లీ కాంగ్రెస్ చేతికి వెళ్లింది.

నాయకులూ గుర్తులు మార్చారు. సంజీవరెడ్డి 2016లో కాంగ్రెస్, 2018లో భాజపా, 2023లో తిరిగి కాంగ్రెస్. జహీరాబాద్ నుంచి 2014, 2019లో తెరాస ఎంపీగా గెలిచిన బీబీ పాటిల్ 2024లో భాజపా అభ్యర్థిగా వచ్చారు. అప్పుడు ఓటర్లు కాంగ్రెస్ నుంచి సురేశ్ షెట్కార్‌ను గెలిపించారు. నేతలే ఇంత సులువుగా మారుతుంటే పార్టీ సిద్ధాంతమన్న మాటకు ఓటరు దగ్గర విలువెలా ఉంటుంది?

పొరుగు జిల్లాలు ఏం చేశాయి?

మరి ఓటరు చేతిలో ఇంకేముంది? సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పుతో ‘నోటా’ మీట వచ్చింది. ఎవరూ వద్దని చెప్పడానికి అది పనికొస్తుంది. కానీ శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చినా, దాని తర్వాత ఉన్న అభ్యర్థే గెలిచినట్టు. అసంతృప్తి లెక్కకు ఎక్కుతుంది, ఫలితం మారదు.

తెలంగాణ పల్లెలు ఇంకో దారి కూడా చూపించాయి. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీపడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లతో వంకర్లు తిరిగిన కాళ్ల గోడు దేశానికి వినిపించడానికి జల సాధన సమితి చేసిన పని అది. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్‌ను రూ.500 నుంచి రూ.10 వేలకు పెంచేశారు. ఆ పెంపు చూస్తే పేదవాడి నామినేషన్ ఎంత కలవరపెట్టిందో అర్థమవుతుంది.

సిర్గాపూర్‌కు దగ్గరలోనే ఉన్న నిజామాబాద్‌లో 2019లో ఇదే జరిగింది. పసుపు, ఎర్రజొన్నలకు ధర లేక కడుపుమండిన రైతులు 178 మంది లోక్‌సభకు నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. రైతుల్లో ఒక్కరూ గెలవలేదు. సిటింగ్ ఎంపీ కవిత ఓడిపోయి, పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన భాజపా అభ్యర్థి అర్వింద్ గెలిచారు. బోర్డు ప్రకటన రావడానికి 2023 అక్టోబరు దాకా, నిజామాబాద్‌లో అది మొదలవడానికి 2025 జనవరి దాకా పట్టింది. బోర్డొచ్చినంత మాత్రాన ధర వస్తుందా అన్నది వేరే ప్రశ్న. కానీ ఎన్నేళ్లుగానో నలుగుతున్న కోరిక అన్ని పార్టీల నోటా పలికింది మాత్రం ఆ 178 నామినేషన్ల తర్వాతే.

ఈ రెండు ఉదంతాల్లోనూ పోలిక ఒక్కటే. వాళ్లు ‘ఎవరు కావాలి’ అని కాకుండా ‘ఏం కావాలి’ అని అడిగారు. ఒక్క కోరికనే పట్టుకున్నారు.

అడిగిందే వచ్చింది

సిర్గాపూర్‌లోనూ దీనికి చిన్న రుజువులున్నాయి. 2016 దాకా ఇది కల్హేర్ మండలంలో ఓ ఊరు. చిన్న పనికైనా కల్హేర్ పోవాల్సిందే. ఆ ఏడాది అక్టోబరు 11న కొత్త జిల్లాలు, మండలాలు వచ్చినప్పుడు సిర్గాపూర్ మండల కేంద్రమైంది. నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్ అయింది. తహసీల్దారు ఆఫీసు ఊళ్లోకి వచ్చిందంటే పట్నంవాళ్లకు పెద్ద వార్త కాదు. కులం సర్టిఫికెట్ కోసం ఒకరోజు కూలి వదులుకునే తల్లికి మాత్రం అది మార్పే.

ఇంతకంటే పెద్దది తండాల విషయం. ‘మా తండాలో మా రాజ్యం’ అన్నది లంబాడాల ఎన్నో ఏళ్ల నినాదం. మాట ప్రతి పార్టీ ఇచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా ఉన్న తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో పంచాయతీలు 12,700 దాటాయి. 2019 జనవరి ఎన్నికల్లో చాలా తండాలు తమ మనిషిని తామే సర్పంచిగా చేసుకున్నాయి. అంతకుముందు పెద్దూరి సర్పంచి ఇంటి ముందు నిలబడ్డవాళ్లకు, సగం సీట్లు ఆడవాళ్లకే ఉన్నందువల్ల అక్కో చెల్లో సర్పంచి కుర్చీలో కనిపించింది.

అయితే ఇక్కడా మెలిక పడింది. ఆ పాలకవర్గాల గడువు 2024 జనవరితో ముగిసింది. వెంటనే ఎన్నికలు జరగలేదు. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులతోనే నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోవడంతో కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. వీధి దీపం మాడినా, మోరీ నిండినా అడగడానికి మనిషి లేడు. చివరికి 2025 డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి.

మార్పు కోసం చూసేవాళ్లు కన్నేయాల్సింది ఈ మెట్టు మీదే. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. అయిదు వేలలోపు జనాభా ఉన్న ఊళ్లో అభ్యర్థి ఖర్చు పరిమితి లక్షన్నర. అది కూడా కూలిమనిషికి చిన్న మొత్తమేం కాదు. ఏకగ్రీవం పేరుతో పదవిని వేలంలో పాడే జాడ్యం రాష్ట్రంలో పలుచోట్ల ఉంది. మందు, డబ్బు ఇక్కడికీ దిగాయి. అయినా నలభై లక్షల పోటీకీ, లక్షన్నర పోటీకీ తేడా ఉంది. మొదటిదాంట్లో మూడు ఇళ్లే నిలబడగలిగాయి. రెండోదాంట్లో నాలుగో ఇల్లు, అయిదో ఇల్లు, తండా ఇల్లు కూడా నిలబడుతోంది. అయిదేళ్లు గ్రామసభ నడిపిన అనుభవం, నిధుల లెక్క చదవడం వచ్చిన ధైర్యం ఉంటే రేపు జెడ్పీటీసీకి, ఎల్లుండి శాసనసభకు కొత్త ఇంటిపేరు ముందుకు రావచ్చు. పై నుంచి దిగే కొత్త పార్టీకి ఊళ్లో మనిషి కావాలి. ఆ మనిషి అప్పటికే తయారై ఉంటేనే ఆ పార్టీ పాత ఇంటి తలుపు తట్టకుండా ఉంటుంది.

కొత్త పార్టీ రాకతోనే అంతా మారిపోతుందన్న ఆశ ఎంత పల్చనిదో తెలుగువాళ్లకు తెలియంది కాదు. 2008 ఆగస్టులో తిరుపతిలో జనసముద్రం మధ్య పుట్టిన ప్రజారాజ్యం 2009లో 294 సీట్లకు 18 గెలిచి, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మార్పు కోరి దానికి ఓటేసిన లక్షల మంది రెండేళ్లలోనే తాము వద్దనుకున్న గూటిలో తేలారు.

సిర్గాపూర్ ఓటర్లు ఆశను వదిలేయలేదు. వదిలేసి ఉంటే చెరుకు తోటల నుంచి అంత దూరం వచ్చి వరుసలో నిలబడేవాళ్లే కాదు. కాకపోతే ఇన్నాళ్లూ గుర్తును మార్చడమే మార్పనుకున్నారు. మీట నొక్కడం అయిదేళ్లకోసారి. గ్రామసభ ఏడాదికి ఎన్నోసార్లు. నల్లవాగు కాల్వ చివరి ఎకరం దాకా ఎప్పుడు వస్తుంది, బోరంచ పంపులు ఎప్పుడు తిరుగుతాయి, దసరాకు తండా తాళం పడకుండా ఉండాలంటే ఊళ్లో ఏ పని దొరకాలి... ఈ మూడు ప్రశ్నలనూ ఊరంతా కలిసి కాగితం మీద పెట్టి, ఏ జెండాతో ఏ బండి వచ్చినా ముందు దాన్నే చేతికిస్తే ఎలా ఉంటుంది? ‘ఎవరొచ్చినా అంతే’ అన్న మాట బదులు ‘ఎవరొచ్చినా ఇదే అడుగుతాం’ అన్న మాట రచ్చకట్ట మీద వినిపించిన రోజు, ఇంటిపేరు ఏదైనా లెక్క చెప్పక తప్పదు.